బస్సు దారి ఎవరు గీశారు? నిజామాబాద్ ప్రాంతంలో ప్రభుత్వ బస్సు రవాణా, 1932 నుంచి

నిజాం రాష్ట్రంలోకి రైలు ఎలా వచ్చిందో, అది ఏ ఊళ్లను పెంచిందో, ఏ ఊళ్లను పక్కన పెట్టిందో గత భాగంలో చదివారు. ఈ భాగంలో బస్సు గురించి చదువుతారు. రైలుకు వంతెనలు, సొరంగాలు, స్టేషన్ భవనాలు ఉంటాయి కాబట్టి దాని చరిత్ర కంటికి కనబడుతుంది. బస్సుకు అలాంటి గుర్తులు తక్కువ. దాని చరిత్ర టైమ్‌టేబుల్‌లో, టికెట్టులో, ఊరి మొగదల ఉన్న చింతచెట్టు కింద ఉంటుంది. అందుకే చరిత్ర పుస్తకాలలో బస్సుకు దక్కిన చోటు చాలా చిన్నది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. గత తొంభై ఏళ్లలో తెలంగాణ పల్లెను పట్నంతో కలిపినది రైలు కంటే బస్సే ఎక్కువ.

ఈ భాగం చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. ఫలానా ఊరికి బస్సు వేయాలి, ఫలానా ఊరికి అక్కర లేదు అని నిర్ణయించేది ఎవరు, ఏ లెక్కతో? ఉదాహరణ కోసం నిజామాబాద్ జిల్లానూ, అందులో మెండోర వైపునూ, బోధన్ చక్కెర ప్రాంతాన్నీ తీసుకుందాం. ఆదివారం కాంటాక్ట్ తరగతికి బస్సు అందక రెండో పీరియడ్‌కు వచ్చిన విద్యార్థులను నేను చాలామందిని చూశాను. ఈ ప్రశ్న మీకు కొత్తది కాదు.

1. రైలు గీసిన మొదటి గీత

ముందు జిల్లా పటం తీసుకోండి. హైదరాబాదు నుంచి మన్మాడ్ వరకు వేసిన మీటర్‌గేజ్ మార్గం, అంటే హైదరాబాదు-గోదావరి లోయ రైల్వే, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లకే పూర్తయింది. అది కామారెడ్డి, డిచ్‌పల్లి, నిజామాబాద్ మీదుగా పోయి బాసర దగ్గర గోదావరిని దాటి మరాఠ్వాడాలోకి వెళుతుంది. అప్పటివరకు ఇందూరుగా పిలిచిన ఊరికి, జిల్లాకు 1905లో నిజామాబాద్ అనే పేరు స్థిరపడింది. 

ఇప్పుడు నాగపూర్ రోడ్డును చూడండి. ఈనాడు దానిని 44వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం. కామారెడ్డి దాకా రైలుకు తోడుగానే వచ్చిన ఈ రోడ్డు డిచ్‌పల్లి దాటాక నిజామాబాద్ పట్నంలోకి రాదు. ఉత్తరంగా ఆర్మూరు, బాల్కొండ మీదుగా సాగి, సోన్ దగ్గర గోదావరిని దాటి నిర్మల్ చేరుతుంది. రైలు పడమరకు, రోడ్డు ఉత్తరానికి విడిపోయాయి. ఈ రెండింటి మధ్య చీలికలోనే జిల్లా రవాణా చరిత్ర చాలావరకు ఉంది. ఆర్మూరు, బాల్కొండ, మెండోర, భీమ్‌గల్ ఊళ్లకు రైలు లేదు. పెద్దపల్లి-నిజామాబాద్ రైలు మార్గం 2017లో పూర్తయ్యేదాకా ఆర్మూరు పట్టణానికి కూడా రైలు కూత వినబడలేదు. పడమటి వైపున బాన్సువాడ, ఎల్లారెడ్డి ప్రాంతాలదీ ఇదే స్థితి. ఈ ఊళ్లకు బస్సే ఆధారం. ఎడ్లబండి తరువాత నేరుగా బస్సే వచ్చింది, నడుమ రైలు దశ లేదు.

2. రైల్వే శాఖ బస్సులు ఎందుకు నడిపింది?

1920లలో ప్రపంచమంతటా రైల్వేలకు ఒకే భయం పట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మోటారు బండ్లు చవకగా దొరకసాగాయి. ఒక మనిషి, ఒక బండి ఉంటే చాలు, రైలు పక్కనే ఉన్న రోడ్డు మీద ప్రయాణికులను ఎక్కించుకుని పోవచ్చు. పట్టా వేయనక్కరలేదు, స్టేషన్ కట్టనక్కరలేదు. రైలు సొంత ఖర్చుతో దారి వేసుకోవాలి, బస్సుకు దారి ప్రభుత్వమే వేసిపెడుతుంది. బ్రిటిష్ ఇండియాలో ఈ పోటీని పరిశీలించడానికి మిచెల్, కిర్క్‌నెస్ అనే అధికారులను నియమించారు. వారి నివేదిక తరువాత 1933లో సిమ్లాలో రోడ్డు-రైలు సమావేశం జరిగింది. ఇంగ్లండులో అదే ఏడాది లండన్ నగరంలోని బస్సులు, ట్రాములు, భూగర్భ రైళ్లను ఒకే సంస్థ కిందికి తెచ్చారు.

హైదరాబాదు రాష్ట్రం వీటికి ఒక ఏడాది ముందే తన దారి తాను ఎంచుకుంది. అందుకు వీలు కల్పించిన సంఘటన 1930లో జరిగింది. అంతవరకు ఒక ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఉన్న నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను 1930 ఏప్రిల్ 1న రాష్ట్ర ప్రభుత్వం కొనేసింది. రైలూ ప్రభుత్వానిదే, రోడ్డూ ప్రభుత్వానిదే అయినప్పుడు రెండింటికీ పోటీ ఎందుకు? బస్సులనూ రైల్వేయే నడిపితే సరిపోతుంది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ మొదలైంది. మొదటి రోజుల్లో 27 వాహనాలు, 166 మంది ఉద్యోగులు, సుమారు 450 కిలోమీటర్ల మార్గాలు. స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీ తయారు చేసిన ఆ తొలినాటి బస్సు ఒకదానిని హైదరాబాదు బస్ భవన్ ఆవరణలో చాలాకాలంగా భద్రపరిచారు. 19 సీట్ల ఆ చిన్న బండికి ‘దక్కన్ క్వీన్’ అని పేరు. ఎప్పుడైనా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు వెళితే ఆగి చూడండి. పాఠం కంటే బాగా గుర్తుంటుంది.

పదేళ్లు తిరిగేసరికి బస్సుల సంఖ్య 500కు దగ్గర పడింది, మార్గాల పొడవు 7,000 కిలోమీటర్లు దాటింది. భారత ఉపఖండంలో ఇంత పెద్ద ఎత్తున ప్రభుత్వమే బస్సులు నడిపిన తొలి ప్రయత్నాలలో ఇదొకటి. తెలంగాణ వారు దీనిని గర్వంగా చెప్పుకోవడంలో తప్పు లేదు. కానీ చరిత్ర విద్యార్థులుగా మీరు ఇంకొక మెట్టు దిగి చూడాలి.

ఈ శాఖ పుట్టింది ప్రయాణికుడి కోసమా, రైల్వే కోసమా? నా ఉద్దేశంలో ముందు రైల్వే కోసమే. బస్సు పని రెండు విధాలుగా నిర్ణయించబడింది. ఒకటి, రైలుకు సమాంతరంగా పోయే ప్రైవేటు బస్సుల పోటీని అరికట్టడం. రెండు, రైలు చేరని ఊళ్ల నుంచి జనాన్నీ సరుకునూ తెచ్చి స్టేషన్‌లో దింపడం. వాగులు నదిలో కలిసినట్టు బస్సులు రైలులో కలవాలి. దీని ఆనవాలు ఇప్పటికీ నేల మీద ఉంది. నిజామాబాద్‌లో, కామారెడ్డిలో బస్టాండు నుంచి రైల్వేస్టేషన్‌కు నడిచి పోవచ్చు. జిల్లా బస్సు మార్గాలు సాలెగూడులా అల్లుకోలేదు, గొడుగు పుల్లల్లా ఒక చోట కలిశాయి. ఒక పల్లె నుంచి పక్క మండలంలోని పల్లెకు పోవాలంటే ముందు పట్నానికి పోయి మళ్లీ వెనక్కి రావలసి వచ్చే ఊళ్లు మీకూ తెలిసే ఉంటాయి. అది ఎవరో అజాగ్రత్తగా చేసిన పని కాదు. ఆ పటం అసలు గీసిందే స్టేషన్ నడిబొడ్డుగా.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు దేశమంతటా బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలు అమర్చి, ఆ గ్యాసుతో ఇంజన్లు నడిపారు. ఎత్తు వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి తోసేవారని పెద్దలు చెప్పేవారు. నవ్వుకుంటూ చెప్పేవారు గానీ, ఆ రోజుల్లో ఆసుపత్రికి పోవలసినవారికి అది నవ్వులాట అయి ఉండదు.

3. చెరుకు బెల్టు, బస్సు

బోధన్ వైపు కథ వేరు. మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ప్రణాళికలో రూపొందిన ఈ ప్రాజెక్టు కింద 2,75,000 ఎకరాలకు నీరు ఇవ్వాలన్నది లక్ష్యం. నీరు వచ్చాక వరి, చెరుకు పెరిగాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదని పేరు పొందింది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు కొమ్మ కూడా వేశారు.

ఇక్కడ రవాణా రెండు పాయలుగా నడిచింది. సరుకు రైలెక్కింది, చెరుకు ఎడ్లబండి ఎక్కింది, మనిషి బస్సెక్కాడు. చక్కెర మిల్లు ఊరి ప్రయాణానికి ఒక ప్రత్యేకత ఉంది. గానుగ సీజను శీతాకాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. ఆ నెలల్లో మూడు షిఫ్టుల మనుషులు, చెరుకు నరికే కూలీలు, పర్మిట్ కాగితాల కోసం తిరిగే రైతులు, కిరాణా బేరగాళ్లు అందరూ కదులుతారు. సీజను అయిపోయాక అదే బస్సు సగం ఖాళీగా తిరుగుతుంది. ఏడాది పొడుగునా ఒకే టైమ్‌టేబుల్ వేసే అధికారికి ఇది తలనొప్పి. టైమ్‌టేబుల్ అనేది ఏడాదిని పన్నెండు సమాన నెలలుగా చూస్తుంది, పంట అలా చూడదు.

2002లో ఆ కర్మాగారంలో ప్రభుత్వ వాటా ప్రైవేటు భాగస్వామి చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతపడ్డాయి. మిల్లు మూత గురించి రాసినవారు కార్మికుల జీతాల గురించి, చెరుకు రైతుల గురించి రాశారు. అది సబబే. ఒక పారిశ్రామిక పట్టణంలో సైరన్ ఆగిపోతే ఆ సైరన్‌ను అనుకుని నడిచే మొదటి బస్సు, చివరి బస్సు కూడా అర్థం కోల్పోతాయన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. బస్సు ముందు పోయి ఊరు తరువాత చిన్నబోతుందా, ఊరు చిన్నబోయాక బస్సు పోతుందా అన్నది రవాణా చరిత్రలో పాత వివాదం. బోధన్ విషయంలో జవాబు స్పష్టం, ముందు పోయింది పని.

4. 1951, 1956, 1958: మూడు మలుపులు

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాష్ట్రం భారత యూనియన్‌లో కలిసింది. 1950లో నిజాం రైల్వే భారతీయ రైల్వేలలో భాగమైంది. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. రైల్వే కేంద్రానిది, మరి దాని కడుపులో ఉన్న బస్సులు ఎవరివి? 1951 నవంబరు 1న రోడ్డు రవాణా శాఖ రైల్వే నుంచి విడిపోయి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. బస్సుకు రైలుతో ఉన్న పేగుబంధం చట్టరీత్యా అక్కడ తెగింది. మార్గాల పటం మాత్రం పాతదే మిగిలింది.

రెండో మలుపు 1956. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయాయి. బస్సులనూ, డిపోలనూ, సిబ్బందినీ పంచుకున్నారు. నిజామాబాద్ జిల్లాకు ఇది దూరపు వార్త కాదు. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు తెలంగాణకు వచ్చాయి, దెగ్లూరు పట్టణం అటువైపు పోయింది. నాందేడ్, బిలోలి, దెగ్లూరు పోయే దారులు రాత్రికి రాత్రి అంతర్రాష్ట్ర మార్గాలయ్యాయి. అంతకుముందు ఒకే సంస్థ బస్సులు నడిచిన చోట, ఇక రెండు రాష్ట్రాలు కూర్చుని ఎవరి బస్సులు ఎన్ని, ఎన్ని కిలోమీటర్లు అని ఒప్పందం రాసుకోవాలి. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనబడుతుంది. అక్కడి సంతకు ఇక్కడివారు, ఇక్కడి సంతకు అక్కడివారు వస్తారు, ఇళ్ల నడుమ పెళ్లి సంబంధాలున్నాయి. మనుషులు మారలేదు, బస్సు పర్మిట్ మారింది.

మూడో మలుపు 1958 జనవరి 11. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. శాఖ సంస్థగా మారింది. ఈ చట్టంలో రెండు సెక్షన్లను మీరు తప్పక గుర్తుంచుకోవాలి. పద్దెనిమిదో సెక్షన్ ప్రజలకు సమర్థంగా, చాలినంతగా, చవకగా, సమన్వయంతో కూడిన రవాణా కల్పించడం సంస్థ విధి అంటుంది. ఇరవై రెండో సెక్షన్ సంస్థ వ్యాపార సూత్రాలపై నడవాలంటుంది. ఒకే చట్టం ఒక చేత్తో సేవ చేయమంటుంది, ఇంకో చేత్తో లెక్క చూసుకోమంటుంది. ఆ తరువాతి ఆర్టీసీ చరిత్ర అంతా ఈ రెండు సెక్షన్ల మధ్య లాగులాట. నష్టం వచ్చినప్పుడు ఒక ప్రభుత్వం ఇరవై రెండును చూపిస్తుంది, ఎన్నికలు వచ్చినప్పుడు అదే ప్రభుత్వం పద్దెనిమిదిని చూపిస్తుంది.

ఇక్కడ కోస్తా జిల్లాలతో పోల్చి చూస్తే తెలంగాణ ప్రత్యేకత తెలుస్తుంది. కృష్ణా జిల్లాలో బస్సులు ప్రైవేటు యజమానుల చేతిలో ఉండేవి. అక్కడ జాతీయం చేయబోతే యజమానులు కోర్టుకెక్కారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ పథకాన్ని కొట్టివేసింది. కారణం ఆసక్తికరమైనది. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, తీర్పు ఇచ్చింది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, నిర్ణయించేవాడొకడైతే ఆ వినడానికి అర్థమేముందని కోర్టు అంది. తరువాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని మళ్లీ పథకం తెచ్చారు, రెండోసారి కోర్టు దానిని నిలబెట్టింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక మార్గాన్ని ప్రభుత్వం తీసుకోవాలంటే ముసాయిదా ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి. ఈ కేసు న్యాయశాస్త్ర విద్యార్థులకు దేశమంతటా పాఠం.

తెలంగాణలో ఇంత గొడవ అవసరం కాలేదు. ప్రధాన మార్గాలు 1932 నుంచే ప్రభుత్వానివి. ఇది మంచిదే. కానీ దీనికొక వెల కూడా ఉంది. కృష్ణా జిల్లాలో ఏ మార్గం ఎవరికి అన్న వాదన బహిరంగంగా, కోర్టులో, పత్రికల్లో జరిగింది. ఇక్కడ పటం పై నుంచి వచ్చింది. ముసాయిదా మీద అభ్యంతరం చెప్పే హక్కు కూడా చట్టంలో ఉన్నది ప్రధానంగా పర్మిట్ ఉన్న బస్సు యజమానుల కోసం. బస్సు కోసం ఎదురు చూసే ఊరికి అందులో చోటు తక్కువ. మా ఊరికి బస్సు వేయండి అని అడగాలంటే సర్పంచి వినతిపత్రం పట్టుకుని డిపో మేనేజర్ దగ్గరికి, ఎమ్మెల్యే దగ్గరికి తిరగాలి. హక్కుగా అడగవలసింది విన్నపంగా మారింది.

5. మెండోర వైపు చూపు

1963 జూలై 26న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. తరువాత దానికి శ్రీరాంసాగర్ అని పేరు వచ్చింది. ఈ పోచంపాడు ఇప్పుడు మెండోర మండలంలో ఉంది. పెద్ద ఆనకట్ట అంటే ముందు కార్మికుల కాలనీ, ఆఫీసులు, సిమెంటు లారీలు, ఆ తరువాత కాలువలు, చూడవచ్చే జనం. లక్ష్మీ, కాకతీయ, సరస్వతి కాలువలు ఇక్కడి నుంచే బయల్దేరతాయి. జాతీయ రహదారికి దగ్గరగా ఉండడం ఈ ప్రాంతానికి కలిసివచ్చింది. కానీ ఇక్కడొక తేడా గమనించండి. రహదారి దగ్గరగా ఉండడం వేరు, బస్సు ఉండడం వేరు. హైదరాబాదు-నిర్మల్ మధ్య దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్సు మీ ఊరి క్రాస్‌రోడ్డు దగ్గర దుమ్ము లేపుతుంది గానీ, స్టేజీ లేకపోతే ఆగదు. దగ్గర్లో నది పారుతున్నా పొలానికి కాలువ లేనట్టే.

పాలన కూడా బస్సు దారిని మారుస్తుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు జనం పోవలసిన ఆఫీసు మారింది. అంతకుముందు ఆర్మూరు పోవలసినవారు బాల్కొండ పోతే సరిపోయింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు బాల్కొండ నుంచి విడిపోయి మెండోర మండలమైంది, గోదావరి అవతల నిర్మల్ జిల్లా అయింది, కామారెడ్డి విడిపోయింది. ఆఫీసు బోర్డు ఒక్క రోజులో మారుతుంది. బస్సు మార్గం అలా మారదు. అది పాత కేంద్రం చుట్టూనే తిరుగుతుంది. పసుపు అమ్ముకోవడానికి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు, చదువుకు ఆర్మూరుకు, గల్ఫ్ ప్రయాణానికి శంషాబాద్‌కు పోయే మనుషుల దారులు మండల పటంలో కనబడవు. బస్సు ప్రణాళిక వేసేవారు చూడవలసినది ఆ దారులనే.

ఇక లెక్క సంగతి. ఆర్టీసీలో రెండు మాటలు తరచూ వింటారు. ఒకటి ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చిన ఆదాయం. రెండోది ఆక్యుపెన్సీ రేషియో, అంటే సీట్లలో ఎన్ని నిండాయన్న శాతం. ఇవి పనికిరాని లెక్కలు కావు. అయితే పల్లె బస్సును ఇవి ఎలా చూస్తాయో ఒక చిన్న ఊహతో చెబుతాను. పొద్దున ఆరింటికి ఒక పల్లె నుంచి పట్నానికి పోయే బస్సు పూర్తిగా నిండింది. అదే బస్సు తిరిగి పల్లెకు వచ్చేటప్పుడు ఖాళీ, ఎందుకంటే పొద్దున పట్నం నుంచి పల్లెకు ఎవరూ రారు. సాయంత్రం దీనికి తలకిందులు. ఒక్క మనిషీ తగ్గకుండా ఊరంతా ఆ బస్సునే వాడుకున్నా సగటు యాభై శాతం దాటదు. కాగితం మీద ఆ బస్సు ‘సగం ఖాళీ’. నష్టాల మార్గం అని రాసిన చాలా చోట్ల అసలు జరిగింది ఇదే.

ఈ చిక్కుకు ఆర్టీసీ సిబ్బంది ఎప్పుడో ఒక పరిష్కారం కనిపెట్టారు. అదే నైట్ హాల్ట్ బస్సు. రాత్రి చివరి ట్రిప్పుగా పల్లెకు వచ్చిన బస్సు అక్కడే ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసులోనో, బడి వరండాలోనో, బస్సులోనో పడుకుంటారు. తెల్లవారుజామున అదే మొదటి బస్సు. రెండు ఖాళీ ప్రయాణాలు మిగిలాయి. ఊరికి కూడా రాత్రి ఒక ధైర్యం, పురుడు నొప్పులు వస్తే ఊళ్లో బండి ఉంది. పెద్ద ప్రణాళికా సంఘాలు రాసిన నివేదికల్లో నేను ఇంతకంటే తెలివైన ఆలోచన చూడలేదు. బస్సు సంస్థకు చవక, ఊరికి లాభం. భారమంతా ఆ ఇద్దరు ఉద్యోగుల నిద్ర మీద పడింది, దాన్ని మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

6. పాత పోటీ, కొత్త వేషం

1990ల తరువాత పట్నాల చుట్టూ ఆటోలు, ఆపైన సెవెన్ సీటర్లు పెరిగాయి. నిజామాబాద్ 2005లో నగరపాలక సంస్థ అయింది. ఊరు పెరిగిన వేగంతో సిటీ బస్సు పెరగలేదు. పది, పదిహేను కిలోమీటర్ల ప్రయాణికుడిని ఆటో తీసుకుపోయింది. 1930లలో రైలు పక్కన ప్రైవేటు బస్సు చేసిన పనే ఇప్పుడు బస్సు పక్కన ఆటో చేసింది: నిండుగా ఉన్న దూరాన్ని తను తీసుకుని, ఖాళీగా ఉన్న దూరాన్ని ప్రభుత్వానికి వదిలింది. అప్పుడు రైల్వే బస్సులను తనలో కలుపుకుంది. ఇప్పుడు ఆర్టీసీకి ఆ వీలు లేదు, ఆటో నడిపేవాడికి అదే బతుకుతెరువు.

రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సంస్థ వేరుపడింది. 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. దాదాపు 48,000 మంది ఉద్యోగులు పాల్గొన్న ఆ సమ్మె మధ్యలో 5,100 మార్గాలను ప్రైవేటుకు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అది అమలు కాలేదు. అయినా 1932లో ఏ ప్రైవేటు పోటీని ఆపడానికి ఈ వ్యవస్థ పుట్టిందో, తొంభై ఏళ్లు నిండకముందే అక్కడికే తిరిగి రాబోయి ఆగింది. 2023లో ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే చట్టం వచ్చింది.

అదే ఏడాది డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణ స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర ఆర్డినరీ బస్సుల్లో టికెట్టు ‘జీరో’. 2025 జూలై నాటికి ఇలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. దీని ఖర్చు మీద, రద్దీ మీద వాదనలు ఉన్నాయి, ఉండాలి. ఆటో డ్రైవర్ల ఆదాయం దెబ్బతిన్న మాటా నిజమే. చరిత్రకారుడిగా నాకు ఇందులో కనబడేది మరొకటి. ఈ జిల్లాలో బీడీలు చుట్టే స్త్రీలు చాలామంది. పని ఇంట్లోనే, కూలి చాలా తక్కువ. పట్నం పోవాలంటే ఆ కూలిలోంచే చార్జీ తీయాలి. ఆమె ఇన్నేళ్లూ బస్సెక్కలేదు కాబట్టి ఏ లెక్కలోనూ లేదు. ఎక్కినవారిని లెక్కపెట్టే పద్ధతికి ఎక్కలేకపోయినవారు కనబడరు. జీరో టికెట్టు వారిని మొదటిసారి అంకెల్లోకి తెచ్చింది. ఇప్పుడు మార్గాలు కొత్తగా గీయాలంటే ఆ టికెట్ల లెక్కే అన్నిటికంటే మంచి ఆధారం.

మరో చిన్న విషయం. అంతర్రాష్ట్ర బస్సులో ఈ ఉచితం తెలంగాణ సరిహద్దు వరకే. బోధన్ నుంచి అవతలికి పోయే బస్సులో కండక్టరు ఒక స్త్రీకి రెండు లెక్కలు చెప్పాలి, సాలూర దాకా ఒకటి, ఆపైన ఒకటి. 1956లో గీసిన గీత ఆమె చేతి కాగితంలో ఉంది.

7. కొత్త ప్రణాళికలో పాత ప్రశ్న

ప్రస్తుతం నిజామాబాద్ రీజియన్‌లో నిజామాబాద్-1, నిజామాబాద్-2, ఆర్మూరు, బోధన్, కామారెడ్డి, బాన్సువాడ డిపోలు ఉన్నాయి. ఈ పేర్లను మొదట్లో చూసిన పటం మీద పెట్టి చూడండి. రైలు దారి మీద ఉన్నవెన్ని, రైలు చేరనివెన్ని అని మీరే గుర్తించండి. 2024లో కరీంనగర్, నిజామాబాద్‌లకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. హైదరాబాదుకు ఇంకా పెద్ద సంఖ్యలో రాబోతున్నాయి. మహానగరానికి ఇవి అవసరం. అక్కడ మెట్రో స్టేషన్‌కు జనాన్ని చేరవేసే ఫీడర్ బస్సుల ఆలోచన మళ్లీ 1932 నాటి ఆలోచనే. రైలు నడిబొడ్డు, బస్సు దాని వేళ్లు.

పల్లె విషయంలో ఒక సాంకేతిక వివరం ఆలోచించదగినది. డీజిలు బస్సు ట్యాంకు నింపుకుని రాత్రంతా ఎక్కడైనా పడుకోగలదు. ఎలక్ట్రిక్ బస్సు రాత్రిపూట చార్జింగ్ ఉన్న చోటే పడుకోవాలి, ఆ చోటు సాధారణంగా డిపోలో ఉంటుంది. బస్సు డిపోలోనే పడుకుంటే తెల్లవారి పల్లెకు ఖాళీగా రావాలి. అప్పుడు మనం చూసిన యాభై శాతం లెక్క మళ్లీ ముందుకు వస్తుంది, నైట్ హాల్ట్ బస్సు మొదట కోతకు గురవుతుంది. దీనికి ఉపాయం లేకపోలేదు. హాల్టు ఉన్న ఊళ్ల గుంపుకు ఒకటి చొప్పున మండల కేంద్రంలో చార్జింగ్ పెట్టవచ్చు, లేదా హాల్టు మార్గాలకు కొన్నేళ్లు డీజిలు బస్సులనే ఉంచవచ్చు. రెండింటిలో ఏది ఎంచుకున్నా ఆ ఊళ్ల పేర్లు ముందుగా కాగితం మీదికి రావాలి.

ఈ భాగానికి మీరు చేయవలసిన పని కూడా అదే. మీ మండలంలో రాత్రి బస్సు ఆగే ఊళ్లు ఏవి, ఒకప్పుడు ఆగి ఇప్పుడు ఆగనివి ఏవి, ఏ సంవత్సరంలో మానేశారు, అప్పుడు ఊళ్లో ఎవరు ఏం చేశారు అని పెద్దలను, పాత కండక్టర్లను, బడి పంతుళ్లను అడిగి రాయండి. ఇద్దరు చెప్పిన సంవత్సరాలు కలవకపోతే రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కన గుర్తు పెట్టుకోండి. నాలుగు పేజీలు చాలు. కాంటాక్ట్ తరగతికి వచ్చేటప్పుడు తీసుకురండి, బస్సు దొరికితే.